తీగకు రెండు కొసలు

ధారూర్ దాటిన కాసేపటికి బండి ఆగింది. స్టేషను కాదు, గేటు కాదు, రెండు వైపులా కంది కోసిన మోళ్లు, మధ్యన కట్ట మీద ఆగింది. మల్లికార్జున్ ఒళ్లో స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. డబ్బాలో, చపాతీలు చుట్టే వెండి కాగితంలో, రెండు కంప్యూటర్ కార్డులున్నాయి. మూత గట్టిగానే ఉందని తెలిసినా మళ్లీ ఒకసారి నొక్కి, కిటికీ చువ్వలకు చెంప ఆనించి ముందుకు చూశాడు. పట్టాలు వంపు తిరిగాయి, సిగ్నల్ కనబడలేదు. ముందర గూడ్సు ఉన్నదట అని ఎవరో అన్నారు. ఉంటుంది, ఎందుకుండదు, తాండూరుకు ఖాళీ బోగీలు పోతాయి, సిమెంటు నింపుకుని వస్తాయి, సిమెంటుకు ఉన్న తొందర మనుషులకు ఉండదని రైల్వేవాళ్ల లెక్క. వికారాబాద్‌లో బస్సెక్కి ఉంటే ఈపాటికి దిగేవాడు. బస్సు కుదుపులకు కార్డుల టంకం ఊడుతుందేమోనని రైలెక్కాడు. పోయినసారి బస్సులోనే పోయాడు, ఏ టంకమూ ఊడలేదు, అయినా మిషన్ నడవలేదు. ఊడినా బాగుండేది, కారణమన్నా దొరికేది. పన్నెండింటి దాకా చూస్తానన్నాడు మిల్లు యజమాని మహిధర్. పన్నెండు దాటితే పాత సామాన్లవాళ్లు మిషన్‌ను లారీ ఎక్కిస్తారు. మిషన్ పోతే పోనీ, ఇనుము ఇనుములో కలుస్తుంది. కానీ దాంతోపాటు దాని ముందరి కుర్చీ కూడా పోతుంది. ఆ కుర్చీలో పనిచేసేది తన చెల్లె పూజిత.

ఆ మిషన్ పప్పు ఏరుతుంది. పట్టీ మీద కందిపప్పు జారుతుంటే కెమెరాలు చూస్తాయి. నల్ల గింజో, పొట్టు పోని గింజో, రాయో కనబడగానే ఒక గొట్టం లోంచి గాలి టక్కుమని దాన్ని పక్కకు కొడుతుంది. కెమెరాల పెట్టె షెడ్డుకు ఆ కొసన, ఆపరేటర్ బల్ల ఈ కొసన, రెండింట్లో రెండు పాత కంప్యూటర్లు, వాటి మధ్య ఒక నల్ల తీగ. కెమెరాలు చూసింది ఆ తీగ మీద బల్ల దాకా వస్తుంది, బల్ల దగ్గర కూర్చున్న మనిషి చెప్పింది అదే తీగ మీద వెనక్కి పోతుంది. మహిధర్ వాళ్ల నాయిన తొంభైలలో ఎప్పుడో బొంబాయి నుంచి దాన్ని తెప్పించాడు, అప్పటికే ఎవరో వాడి వదిలేసింది. మొన్నటి అకాల వానలో షెడ్డు మీద పిడుగు పడింది. పిడుగు తీగ పట్టుకుని రెండు కొసలకూ పాకింది. కంప్యూటర్లు ఎట్లాగో బతికాయి, తీగను కంప్యూటర్‌కు కలిపే కార్డులు రెండూ మాడిపోయాయి. అలాంటి కార్డులు ఇప్పుడెవరూ చేయరు. హైదరాబాద్‌లో పాత కంప్యూటర్లు విప్పే దుకాణాలన్నీ తిరిగాడు. ఒక దుకాణంలో ఒకతను, తీగ కొసకు పెట్టే ఇనుప టోపీని చేతిలో తిప్పి చూసి, ఉండన్నా, మా నాయినకు చూపిస్త, ఆయన ఖుష్ అయితడు అని లోపలికి పట్టుకుపోయాడు. లోపలి నుంచి నవ్వులు వినిపించాయి. కార్డు మాత్రం రాలేదు.

దొరక్కపోతే చేస్తే సరి అనుకున్నాడు. ఆ రోజు ఎంత తేలిగ్గా అనుకున్నాడు! వికారాబాద్ ఆలంపల్లి రోడ్డులో తన దుకాణానికి ఇన్వర్టర్లు వస్తాయి, తూకం కాటాలు వస్తాయి, రైసు మిల్లుల బోర్డులు వస్తాయి, వచ్చిందేదీ తిప్పి పంపలేదు. పాత కార్డు మీద చిప్పులు వరసగా ఉన్నాయి, ఒక్కొక్కటీ ఏం చేస్తుందో చదువుకున్నాడు. వాటన్నింటి బదులు ఒకే చిప్పు పెట్టాడు, బొమ్మ కార్లు నడిపించడానికి పిల్లలు కొనుక్కునేది. ప్రోగ్రాం రాస్తే అది పాత కార్డులాగా నటిస్తుంది, నేను పాతదాన్నే అని కంప్యూటర్‌ను నమ్మిస్తుంది. నమ్మించింది కూడా. దుకాణంలో బల్ల మీద తన దగ్గరున్న పాత కంప్యూటర్‌కూ దీనికీ మధ్య తీగ వేస్తే అటు పంపింది ఇటు వచ్చింది, ఇటు పంపింది అటు పోయింది. రెండో కార్డు కూడా అంతే. పక్క దుకాణం నవీన్‌కుమార్‌ను పిలిచి చూపించాడు. అతను చూసి, ఒక వీడియో తియ్యన్నా అన్నాడు. రెండు కార్డులూ ఒక్క అచ్చులో తీసినట్టు ఉన్నాయి, ఏది మొదటిదో ఏది రెండోదో చేసినవాడికే తెలియదు. ఆ రాత్రి కడుపు నిండా తిన్నాడు. మర్నాడు తాండూరు పోయి, ఇదొకటి ఇక్కడ, అదొకటి అక్కడ పెట్టి, స్విచ్చి వేశాడు. రెండు కార్డుల మీదా దీపాలు మినుకుమన్నాయి. బల్ల మీద తెర నల్లగానే ఉంది.

ఇక్కడే మతి పోతుంది. దీపాలు మినుకుమంటున్నాయంటే కార్డులు బతికే ఉన్నాయి, తీగ మీద ఏదో పోతూనే ఉంది. పోయింది చేరట్లేదు. మొదట తీగను అనుమానించాడు. షెడ్డు మధ్యలో ఒకచోట తీగ రంగు వేరుగా ఉంది. అడిగితే తెలిసింది, ఎప్పుడో ఎలుకలు కొరికితే కేబుల్ టీవీ పిలగాడు వచ్చి తన దగ్గరున్న టీవీ తీగ ముక్క అతికి పోయాడట. రెండూ చూడ్డానికి ఒకటే, లోపల వేరు. దొరికిందిరా దొంగ అనుకుని కొత్త తీగ తెచ్చి ఈ కొస నుంచి ఆ కొస దాకా దూలాల వెంట తనే నిచ్చెన వేసుకుని లాగాడు. తెర నల్లగానే ఉంది. కొసల టోపీలు మార్చాడు. నల్లగానే ఉంది. దుమ్మేమో అనుకున్నాడు, పప్పు మిల్లులో దుమ్ము కాక ఏముంటుంది, అన్నీ విప్పి తుడిచాడు. కరెంటేమో అనుకుని తన దుకాణంలోని యూపీఎస్ మోసుకొచ్చి పెట్టాడు. రెండు కార్డులనూ దుకాణానికి తీసుకుపోయి బల్ల మీద పెడితే ఒకదాని తర్వాత ఒకటి బుద్ధిగా నడిచాయి. అక్కడ నడిచింది ఇక్కడ నడవదు. బడిలో పాఠం అప్పజెప్పి ఇంట్లో నోరు తెరవని పిల్లల్లాగా. ఇక మిగిలింది ఎర్తింగు. పిడుగు పడ్డప్పుడు ఎర్తు పోయి ఉంటుంది, పోయే ఉంటుంది, పోకపోతే ఇంకేం మిగలలేదు. అందుకే ఈసారి సంచీలో రాగి కడ్డీ, రాగి తీగ, బిగింపులు, సుత్తి. భుజం కోసుకుపోయేంత బరువు.

ఫోన్ మోగింది.

“అన్నా, ఏడికొచ్చినవ్?”

“ధారూర్ దాటిన.”

“దాటి?”

“ఆగింది.”

“బండి ఆగిందా, నువ్వు ఆగినవా?”

“బండే. లారీ వచ్చిందా?”

“లారీ వచ్చింది, ఎత్తెటోళ్లు వచ్చిండ్రు, చాయ్ గూడ తాగిండ్రు. నేనైతె కుర్చీల కెల్లి లేస్తలేను. జర లే అక్కా, బల్లకు బోల్టులు ఇప్పాలె అంటున్నడు ఒకడు. నన్ను గూడ ఇప్పుకపో అన్న.”

“సారేమంటుండు?”

“ఏమంటడు, ఫోన్ల టైము జూస్తుండు, నా మొఖం జూస్తలేడు. మొగులమ్మోళ్లు షెడ్డు తలుపు కాడికొచ్చి జూస్తుండ్రు. నాకు జాగ జరుపుతున్నరు గావచ్చు.” నవ్వబోయింది, నవ్వు రాలేదు. “నువ్వు రా అన్నా. ఎట్లనన్న రా.”

పెట్టేసింది. ఎట్లనన్నా అంటే ఎట్లా, దిగి పట్టాల మీద నడవాలా? మొగులమ్మావాళ్లు కూర్చునేది ఏరుడు షెడ్డు. మిషన్ ఒప్పుకోని పప్పు అక్కడికి పోతుంది. ఆడవాళ్లు కింద కాళ్లు చాపుకుని ఒళ్లో చాట పెట్టుకుని చేత్తో ఏరుతారు. అమ్మ శంకరమ్మ అక్కడే ఏరింది, కళ్లు కనబడినంత కాలం ఏరింది. పూజిత బడి అయిపోగానే అమ్మ పక్కన కూర్చుని ఏరేది, లేచేసరికి మోకాళ్ల మీద గోనెపట్టా అచ్చు పడేది. ఎల్లప్ప అని అప్పటి ఆపరేటర్ చాయ్‌కి పోతూ, జర చూస్కో పోరీ అని చెప్పి పోయేవాడు. చాయ్‌కి పోయినవాడు వచ్చేలోపు ఆమె బొత్తాలు ఒక్కొక్కటి నొక్కి చూసేది. ఎల్లప్పకు కర్ణాటకలో వేరే మిల్లులో పని దొరికి పోయిన రోజు మిషన్ ఆగిపోతుందని అందరూ అనుకున్నారు. ఈమె పోయి కుర్చీలో కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ లేవమనలేదు. మహిధర్ నాయిన ఒక చారెడు పప్పు తీసుకుని అరచేతిలో ఆడించి చూసి వెళ్లిపోయాడట. ఆ రోజు ఇంటికి వచ్చి ఆమె చెప్పింది ఒక్కటే, వీపు నొస్తలేదన్నా అని. మర్పల్లిలో అత్తవారింటి నుంచి తిరిగి వచ్చేసినప్పుడు కూడా నేరుగా ఇంటికి రాలేదు, మిల్లు దగ్గర దిగి కుర్చీ ఖాళీగా ఉందా అని చూసుకుని అప్పుడు ఇంటికి వచ్చింది. కొత్త మిషన్ వస్తే కంపెనీ మనిషి వెంట వస్తాడు. పూజితకు పనికేం ఫికర్ లేదు మల్లికార్జున్, ఏరుడు షెడ్డు ఉండనే ఉన్నది గద, అన్నాడు మహిధర్. మంచి మాటే అనుకుని అన్నాడు. అన్నవాడు ఎప్పుడూ కింద కూర్చోలేదు. తనన్నా ఏమన్నాడు? ఒక్కసారి చూస్త సార్ అన్నాడు. ఒక్కసారి, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి. ప్రతిసారీ ఆమె పక్కన నిలబడి తెర వైపు చూసేది, తెర నల్లగా ఉంటే తన వైపు చూడకుండా గాలి గొట్టాలు తుడుచుకునేది. తిట్టినా బాగుండేది.

బోగీలో ఎండ ఈ వైపు నుంచి ఆ వైపుకు జరగలేదు, ఉన్నచోటే ఉంది, ఫ్యాన్లు ఆగిపోయాయి. ఎదురు సీటులో సేడంకు పోయే కన్నడతను పాటల డబ్బా ఆపి, యాక నింతద్రీ, ఎందుకాగింది, అని ఎవరినో అడిగాడు. పక్క సీట్లనిండా ఒక ఇంటివాళ్లు, నుదుళ్ల మీద బండారి, ఒంటి మీద బండారి, జాతర చేసుకుని వస్తున్నట్టున్నారు, సీటు కూడా పసుపయింది. వాళ్ల మగవాళ్లంతా కిందికి దిగి కట్ట మీద నిలబడ్డారు. ఒకడు వేప పుల్ల విరుస్తున్నాడు, ఒక పెద్దాయన బీడీ ముట్టించాడు. ఎర్తు కడ్డీ ఎక్కడ కొట్టాలి? షెడ్డు వెనక నేల అంతా నాపరాయే, జానెడు దిగితే బండ తగులుతుంది, అందుకే పాత ఎర్తు కూడా సరిగ్గా ఉండి ఉండదు. అసలు ఎప్పుడూ సరిగ్గా లేని ఎర్తుతోనే ఆ మిషన్ ఇన్నేళ్లు నడిచింది కదా, అట్లాంటప్పుడు ఎర్తు కారణం ఎట్లా అవుతుంది? ఈ ప్రశ్న రాత్రి కూడా వచ్చింది. వచ్చిందని తెలిసే, జవాబు లేకనే, కడ్డీ కొని సంచీలో వేసుకున్నాడు. ఉత్త చేతులతో పోవడానికి మొహం చెల్లక. రాగి కడ్డీ ఉంటే ఏదో చేస్తున్నట్టు కనబడుతుంది, అంతే. ఆ సంగతి కూడా ఇప్పుడే, ఇక్కడే, ఈ ఎండలోనే తెలియాలా?

ఇంజను కూత వేసింది. పక్క సీటులోని ముసలమ్మ కిటికీకి మొహం పెట్టి గొంతెత్తింది.

“బీరప్పా! ఓ బీరప్పా! ఎక్కురా, బండి పోతుంది!”

కట్ట మీది మనుషులు తలెత్తారు. బీడీ పెద్దాయన వేప పుల్లవాడి వైపు చూశాడు. వేప పుల్లవాడు ఫోన్‌లో మాట్లాడుతున్న ఇంకొకతని వైపు చూశాడు. ఎవరూ కదలలేదు. బండి కదిలింది. అప్పుడు అందరూ ఒకేసారి పరుగెత్తి, ఒకరినొకరు తోసుకుని, ఒకడి చెప్పు కట్ట మీద వదిలేసి ఎక్కారు. ఎక్కీ ఎక్కగానే బండి మళ్లీ ఆగింది.

“నోరు పోయేటట్టు పిలిస్తె ఒక్కడన్న పలికిండ్రా?” అంది ముసలమ్మ.

“నువ్వు ఎవలను పిలిచినవే?” పెద్దాయన ఆయాసపడుతూ అడిగాడు.

“బీరప్పను!”

“నువ్వు నీ మనుమణ్ని పిలుస్తున్నవ్ అనుకున్న.”

“నేను చిన్నాయినను అనుకున్న,” అన్నాడు వేప పుల్లవాడు.

“చంద్రవ్వా, ఇంట్ల అందరికి అదే పేరు పెడితివి,” అన్నాడు చెప్పు పోయినవాడు. “గిప్పుడు నా చెప్పుకు గూడ బీరప్పనే అని పెట్టు, ఉరికొస్తదేమో.”

బోగీ అంతా నవ్వింది. మల్లికార్జున్‌కు చిరాకు వేసింది. మనుషులకు నవ్వడానికి ఏదో ఒకటి కావాలి. బండి ఆగితే నవ్వుతారు, చెప్పు పోతే నవ్వుతారు. ఇందులో వింతేముంది, తన ఇంట్లో కూడా ముగ్గురు మల్లప్పలు. తాత మల్లప్ప గొర్ల వెంట పోయి వానలో తడిసి జ్వరంతో పోయాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో మొదట పుట్టిన ప్రతి కొడుక్కూ అదే పేరు, పెదనాయిన కొడుకు మల్లప్ప, చిన్నాయిన కొడుకు మల్లప్ప, తను మల్లప్ప. పేరు కోసం ఎవరూ ఆలోచించలేదు, తాత పేరుండగా ఆలోచించేదేముంది. యాలాల్ బడిలో ముగ్గురిదీ ఒకే తరగతి. హాజరు పిలిస్తే మొదటి రోజు ముగ్గురూ కలిసి హాజర్ సార్ అన్నారు. సారు చేతుల మీద కొట్టాడు. మర్నాడు మల్లప్పా అని పిలిస్తే వాడంటాడని వీడూ, వీడంటాడని వాడూ, ముగ్గురూ నోరు మూసుకున్నారు. ముగ్గురూ ఎదురుగా కూర్చుని ఉండగానే ముగ్గురూ రాలేదని రాసుకున్నాడు సారు. పిలుపు పోయింది, చెవులున్నాయి, పిలుపు చేరలేదు. తరవాత ఆయనే విసిగి ఒకణ్ని మల్లేశ్ చేశాడు, తనను మల్లికార్జున్ చేశాడు, ఇంకొకణ్ని మల్లప్పగా ఉంచాడు, ఆ రోజు నుంచి ఎవరి పిలుపుకు వాళ్లు పలికారు, పిలుపు పోయింది, పలికారు, దీపాలు మినుకుమంటున్నాయి, తీగ మీద పిలుపు పోతూనే ఉంది, ఎదురుగా కూర్చుని ఉండగానే—

డబ్బా మూత తీశాడు. వెండి కాగితం విప్పాడు. చూడ్డానికి ఏమీ లేదు, రెండూ ఒకటే. రెండూ ఒకటే! ప్రతి కార్డుకూ ఒక నంబరు ఉంటుంది. తీగ మీద పోయే ప్రతి మాటా ఫలానా నంబరుకు అని చెప్పుకుంటూ పోతుంది, ఆ నంబరున్న కార్డు తీసుకుంటుంది, మిగతావి వదిలేస్తాయి. మాడిపోయిన రెండు కార్డుల్లో ఒకదాని చీటీ కాలిపోయింది, ఇంకొకదాని మీద నంబరు కనబడుతుంటే దాన్నే ప్రోగ్రాంలో రాశాడు. పాతదానికి బదులు వచ్చేది పాతదాని నంబరు తీసుకోవాలి కదా. రెండో కార్డు చేసేటప్పుడు ఆ ప్రోగ్రామే మళ్లీ ఎక్కించాడు. నంబరు కోసం ఆలోచించలేదు. ఆలోచించాల్సిన సంగతనే అనుకోలేదు. దుకాణం బల్ల మీద ఎప్పుడూ ఒక్క కార్డునే పెట్టాడు, అవతల పాత కంప్యూటర్‌ది వేరే నంబరు, అందుకే నడిచింది. తాండూరులో రెండూ ఒకే తీగ మీద కూర్చున్నాయి. బల్ల పిలిస్తే ఆ పిలుపు బల్ల సొంత నంబరుకే. పెట్టె పిలిస్తే అది పెట్టె సొంత నంబరుకే, అవతలిదాకా చేరదు. తీగ మంచిదే, టోపీలు మంచివే, ఎర్తు ఎప్పుడూ ఎట్లా ఉందో అట్లాగే ఉంది. దూలాల మీద పాకింది ఎందుకు, యూపీఎస్ మోసింది ఎందుకు, ఆమె గాలి గొట్టాలు తుడుచుకుంది ఎందుకు? ఒక్క అంకె. నుదురు కొట్టుకోవడానికి చెయ్యి లేచింది, ఆ చేతిలో కార్డు ఉంది.

లాప్‌టాప్ సంచీలో ఉంది. తెరిచాడు. కార్డుకూ లాప్‌టాప్‌కూ మధ్య ఫోన్ చార్జింగు తీగ కావాలి, పాత రకం పిన్నుది. అది దుకాణంలో బల్ల మీద ఉంది. సంచీలో రాగి కడ్డీ ఉంది, సుత్తి ఉంది, బిగింపులున్నాయి, జానెడు తీగ లేదు. ఎర్తు అనుకుంటూ బయలుదేరినవాడు ప్రోగ్రాం ముట్టుకోవాల్సి వస్తుందని అనుకోలేదు. లేచి నిలబడి అడిగాడు. బోగీలో అందరి దగ్గరా చార్జింగు తీగలున్నాయి, అన్నీ కొత్త పిన్నువి. చంద్రవ్వ బొత్తాల ఫోన్‌కు పాత పిన్ను తీగ ఉంది. పసుపు అంటుకున్న సంచీలోంచి వెతికి తీసి ఇచ్చింది. గుచ్చాడు. చిప్పు మీద దీపం వెలిగింది, లాప్‌టాప్‌లో ఏమీ రాలేదు. ఆ తీగ కరెంటు మోస్తుంది, మాట మోయదు. అట్లాంటి తీగలు చేసినవాణ్ని ఏం చేయాలి? అప్పుడు కన్నడతను, ఇదు నోడ్రి అంటూ పాటల డబ్బా తీగ చేతికిచ్చాడు. చిప్పు మీది బొత్తాం నొక్కి పట్టి గుచ్చాలి. చేతికి చెమట, బొత్తాం జారింది. మళ్లీ గుచ్చాడు. వచ్చింది. ప్రోగ్రాం తెరిచి ఆఖరి అంకె ఒకటి పెంచాడు, ఎక్కించాడు. లాప్‌టాప్ బ్యాటరీ ఎరుపులో ఉంది, అయినా ఎక్కింది. కార్డు తీసి డబ్బాలో పెట్టబోయి ఆగాడు. మార్చింది ఏదో, మార్చనిది ఏదో, డబ్బాలో పడితే మళ్లీ తెలియదు.

“అవ్వా, పెన్నుందా?”

“పెన్నుతోని నాకేం పని బిడ్డా? ఏందది?”

“పప్పు ఏరే మిషన్‌ది. రెండింటికి ఒకటే పేరు పెట్టిన. గిప్పుడు ఒకదాన్ది మార్చిన. గుర్తు పెట్టాలె.”

“ఒకటే పేరు పెడితె ఏమాయె? మా ఇంట్ల ముగ్గురు లేరా?”

“ముగ్గురు బండి మిస్సయిపోతుండ్రి గద అవ్వా.”

చంద్రవ్వ అతని మొహం చూసింది, కార్డు చూసింది, కొంగు ముడి విప్పి వేలితో బండారి తీసి కార్డు ఇనుప అంచు మీద బొట్టు పెట్టింది. “ఇగ తెలుస్తది తియ్. పెద్దదానికి పెట్టిన్నా, చిన్నదానికా?”

“చిన్నదానికే,” అన్నాడు. అనుకుని అన్నది కాదు.

బండి నడిచింది. రుక్మాపూర్‌లో మళ్లీ నిలబడింది, గూడ్సు పక్క పట్టాల మీద ఉంది, ఖాళీ బోగీలు ఒక్కొక్కటీ ఎండలో. పూజితకు ఫోన్ చేయాలనుకున్నాడు. దొరికింది అని చెప్పాలి. ఇంతకుముందు కూడా దొరికింది అనే చెప్పాడు, టీవీ తీగ ముక్క చేతికి తగిలినప్పుడు. అప్పుడామె ఏరుడు షెడ్డులోకి పోయి అందరికీ చెప్పి వచ్చింది. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నంబరు మార్చినా మిషన్‌లోని పాత ప్రోగ్రాం కొత్త నంబరును ఒప్పుకోకపోతే? కాలిపోయిన చీటీ మీది నంబరే కావాలని పట్టుబడితే? ఆ నంబరు ఎవరికీ తెలియదు. ఇంత దూరం ఆలోచించడానికి బుర్ర ఉంది, అంత చిన్నది ఆలోచించడానికి లేకపోయింది.

తాండూరులో దిగి ఆటో ఎక్కితే యాలాల్ రోడ్డు నిండా నాపరాళ్ల లారీలు, ఆటో వాటి వెనక నడిచినట్టు పోయింది. మిల్లు గేటు లోపల పాత సామాన్ల లారీ వెనక డాలా దించి ఉంది. ఎత్తడానికి వచ్చినవాళ్లు మిషన్ కాళ్ల దగ్గర తాళ్లు పరిచి కూర్చున్నారు. కెమెరాల పెట్టెకు బోల్టులు అప్పటికే విప్పేశారు, బల్లవి విప్పలేదు. పూజిత కుర్చీలో ఉంది. మహిధర్ చేతిలో ఫోన్ ఉంది, పన్నెండు దాటిన టైము కనబడేటట్టు తెర ఇతని వైపు తిప్పాడు. మల్లికార్జున్ సంచీ గోడ దగ్గర దించాడు, రాగి కడ్డీ గచ్చు మీద మోగింది. బొట్టు ఉన్న కార్డు పెట్టెలో పెట్టాడు, లేనిది బల్లలో పెట్టాడు. స్విచ్చి వేయడానికి చెయ్యి చాపితే పూజిత చెయ్యి అప్పటికే అక్కడ ఉంది. దీపాలు మినుకుమన్నాయి. అవి ప్రతిసారీ మినుకుమంటాయి. తెర నల్లగా ఉంది. నల్లగా ఉంది. తరవాత బూడిద రంగు గీతలు పై నుంచి ఒక్కొక్కటే దిగి, పట్టీ కనబడింది, పట్టీ మీద పిడుగు పడ్డనాడు ఆగిపోయిన పప్పు కనబడింది, అందులో ఒక నల్ల గింజ. పూజిత ఒక బొత్తాం నొక్కింది. షెడ్డు ఆ కొసన టక్కుమంది.

ఏమైందని ఇప్పుడడుగుతారు, చెప్పాలి, అనుకున్నాడు. మాటలు కూడా వరసగా పెట్టుకున్నాడు. నంబరు దగ్గర మొదలుపెట్టాలి, తాత దగ్గర కాదు. ఇన్ని రోజులూ కనబడిన ప్రతివాడూ ఏమైందని అడిగాడు, ఆటోవాడు కూడా అడిగాడు. ఇప్పుడు ఎవరూ అడగలేదు. మహిధర్ పట్టీ మీద చెయ్యి పెట్టి, ఇది ఇంకెన్ని దినాలు నడుస్తది అని మాత్రం అన్నాడు, జవాబు కోసం ఆగకుండా ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. మొగులమ్మావాళ్లు తలుపు దగ్గర నుంచి లోపలికి పోయారు. మల్లికార్జున్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు, కోపం ఎవరి మీద చూపాలో తెలియక అట్లాగే ఉంది. పూజిత అతని వైపు చూడలేదు. కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుంది, కళ్లు తెర మీద, తాళ్లు చుట్టుకుంటున్నవాళ్లను పిలిచింది.

“ఏ, ఏడికి పోతుండ్రు? ఎత్తనీకి వచ్చిండ్రు గద. గా పప్పు సంచులెత్తి గీ పట్టీ మీద పొయ్యుండ్రి.”